చిన్న కారు, రెండు సైకిళ్ళు, ముగ్గురు మనుషులు: డిక్కీ రాక్ ఏడాది పైన వాడాక నా రివ్యూ

మాది వేగన్ఆర్, మేం ఉండేది హైదరాబాద్ నిజాంపేట్‌లో, ఇంట్లో రెండు సైకిళ్ళు ఉన్నాయి, ఒకటి నాది గేర్ల హైబ్రిడ్ (తారు రోడ్డుకీ మట్టి దారికీ పనికొచ్చే రకం), కాటా మీద పెట్టి చూస్తే 14 కిలోలు వచ్చింది, ఇంకోటి మా అమ్మాయిది 24 అంగుళాల చక్రాలది, అది పన్నెండున్నర కిలోలు. కారు మీద సైకిల్ తీసుకెళ్ళడానికి ఏది కొనాలి అని చాలామంది అడుగుతుంటారు, జవాబులన్నీ పెద్ద ఎస్‌యూవీలకి పనికొచ్చేవే ఉంటాయి, మనలాంటి చిన్న కార్ల వాళ్ళకి ఎవరూ కొలతలతో సహా చెప్పరు. అందుకే డిక్కీ రాక్, అంటే సైకిళ్ళు వేలాడేయడానికి కారు వెనక డోరుకి కట్టే స్టాండు గురించి కాస్త వివరంగా రాస్తున్నా, పొడవైతే ఏమనుకోకండి.

ముందు అసలు ఈ అవసరం ఎందుకొచ్చిందో చెప్తా. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మొదలైంది కదా, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5, మొత్తం 23 కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన నీడ, పక్కన లారీ భయం లేదు. పిల్లని నమ్మకంగా వదిలి తొక్కించగలిగే చోటు నాకు ఈ ఊళ్ళో అదొక్కటే దొరికింది. కానీ అక్కడిదాకా వెళ్ళడమే సమస్య. ఔటర్ మెయిన్ రోడ్డు మీదకి సైకిళ్ళని రానివ్వరు, మిగతా దారంతా ఆటోలు బస్సులు టిప్పర్లు, పదమూడేళ్ళ పిల్లని ఆ ట్రాఫిక్‌లో తొక్కించుకుంటూ తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు. కాబట్టి సైకిళ్ళు కారులో ఎక్కాల్సిందే.

నేను మొదట కొన్నది డిక్కీ డోరుకి బద్దీలతో కట్టే రాక్. ఆన్‌లైన్‌లో నాలుగు వేల చిల్లర పడింది, కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే అలాంటివి పది పేర్లతో ఒకే డిజైన్‌లో అమ్ముతున్నారు. రెండు ఇనుప గొట్టాల ఫ్రేము, సైకిళ్ళు వేలాడేసే రెండు చేతులు, ఆరు నైలాన్ బద్దీలు, ఒక్కో బద్దీ చివర రబ్బరు తొడుగున్న కొక్కెం. పైన రెండు కొక్కేలు డిక్కీ డోరు పై అంచుకి, రెండు పక్క అంచులకి, రెండు కింద అంచుకి తగిలించి బకిల్‌లోంచి లాగి బిగించాలి. ఫ్రేము కింద ఉండే ఫోమ్ దిండ్లు డోరు రేకు మీద, బంపర్ మీద ఆనుకుంటాయి. వేగన్ఆర్‌కి డోరు పై అంచు మంచి రేకే కాబట్టి కొక్కెం గట్టిగా పట్టింది. మీ కారుకి వెనక పైన రెక్కలా పొడుచుకొచ్చే ప్లాస్టిక్ స్పాయిలర్ ఉంటే మాత్రం ఈ రకం కొనే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకోండి, ప్లాస్టిక్ మీద కొక్కెం వేస్తే విరుగుతుంది, అద్దం అంచుకి వేస్తే ఇంకా ప్రమాదం. కొక్కెం ఎప్పుడూ రేకు అంచుకే వేయాలి.

మొదటిసారి బిగించినప్పుడు నేనూ మావారూ కలిసి చేసినా సెల్లార్‌లో నలభై నిమిషాలు పట్టింది. ఇప్పుడు ఎనిమిది తొమ్మిది నిమిషాల్లో అయిపోతుంది.

రెండో ట్రిప్‌లోనే భయపడిపోయాం. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం, సైకిళ్ళు రెండూ వెనక, సర్వీస్ రోడ్డు మీద వరసగా స్పీడ్ బ్రేకర్లు, ఒక బైకతను పక్కకి వచ్చి హారన్ కొడుతూ వెనక్కి చెయ్యి చూపించాడు, ఆపి దిగి చూస్తే అమ్మాయి సైకిల్ ఒకవైపు వాలిపోయి ముందు చక్రం రోడ్డుకి జానెడు ఎత్తులో ఊగుతోంది, నా సైకిల్ పెడల్ డోరు రేకుకి రాసుకుని చెయ్యంత పొడవు గీత పడింది. ఇంకో రెండు కిలోమీటర్లు అలాగే పోయి ఉంటే ఆ సైకిల్ ఊడి వెనకొచ్చే బైకు వాళ్ళ మీద పడేది. గీత పడ్డందుకు నాకు బాధ లేదు, వెనక ఎవరికో దెబ్బ తగిలి ఉంటే అన్న ఆలోచనకే గుండె ఝల్లుమంది. ఆ బైకతను మా బద్దీలు బిగించేదాకా నిలబడి టార్చి కూడా పట్టాడు, ఆయన పేరు కూడా అడగలేదు ఆ కంగారులో.

ఎందుకు వదులైందో తర్వాత ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. మేం ఖాళీ రాక్‌ని బిగించి, ఆపైన సైకిళ్ళు తగిలించాం. దాదాపు 27 కిలోల బరువు పడగానే ఫ్రేము కొంచెం కిందకి దిగుతుంది, పై బద్దీలు ఇంకా బిగుస్తాయి కానీ కింద బద్దీలు సడలిపోతాయి, ఆ సడలు తోటే స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరెగిరి బకిల్‌లోంచి బద్దీ కొద్దికొద్దిగా జారిపోయింది. రాక్‌తో వచ్చిన కాగితంలో ఇది ఒక్క ముక్క కూడా లేదు, బొమ్మలు మాత్రమే ఉన్నాయి, నా ఉద్దేశంలో ఈ రాక్‌లో అసలు లోపం అదే. ఇనుము బాగానే ఉంది, బకిళ్ళు పర్లేదు, ఎలా వాడాలో చెప్పకుండా అమ్మడం తప్పు.

ఇప్పుడు మేం చేసేది ఇది. ఖాళీ రాక్ బిగిస్తాం, సైకిళ్ళు ఎక్కిస్తాం, అప్పుడు కింద రెండు బద్దీలూ పక్క రెండు బద్దీలూ మళ్ళీ బిగిస్తాం. మిగిలిన బద్దీ కొసని అలా వేలాడనివ్వకుండా రెండు ముళ్ళు వేసి గొట్టానికి చుట్టేస్తాం, ఎందుకంటే వేలాడే కొస గాలికి కొట్టుకుని పెయింట్ పాడవుతుంది, చక్రంలోకి పోయినా ప్రమాదమే. ఐదు కిలోమీటర్లు పోయాక ఏదో ఒక పెట్రోల్ బంకులో ఆపి మళ్ళీ చేత్తో లాగి చూస్తాం, వర్షంలో తడిస్తే నైలాన్ సాగుతుంది కాబట్టి ఇంకోసారి. బరువైన సైకిల్ కారుకి దగ్గరగా, తేలికది బయటికి. ఒకదాని హ్యాండిల్ కుడికి ఉంటే రెండోదాని హ్యాండిల్ ఎడమకి, లేకపోతే రెండు హ్యాండిళ్ళూ ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. కారు వైపున్న పెడల్‌ని పైకి తిప్పి కట్టేస్తాం.

కట్టడానికి బజారులో దొరికే బంజీ తాళ్ళ కన్నా నాకు బాగా పనికొచ్చింది పాత సైకిల్ ట్యూబు. మా వీధి చివర పంక్చర్ షాపు అంకుల్ దగ్గర పారేసేవి అడిగితే నాలుగు ఊరికే ఇచ్చాడు. వాటిని నిలువుగా కత్తిరిస్తే రెండు వేళ్ళ వెడల్పు పట్టీలు వస్తాయి. సాగదీసి చుట్టి కొసని చివరి చుట్టు కింద దోపితే చాలు, ముడి అక్కర్లేదు, జారదు, సైకిల్ పెయింట్ గీసుకోదు. చక్రాన్ని ఫ్రేముకి ఒకటి, సైకిల్‌ని సైకిల్‌కి ఒకటి, హ్యాండిల్ అటూ ఇటూ తిరగకుండా ఒకటి. ఎండకి ఆరేడు నెలల్లో పగుళ్ళు వస్తాయి, అప్పుడు మార్చేయాలి అంతే.

అమ్మాయి సైకిల్ ఫ్రేములో పై గొట్టం బాగా ఏటవాలుగా ఉంటుంది, దాంతో రాక్ చేతుల మీద వంకరగా వేలాడుతుంది. లేడీస్ సైకిళ్ళకి కూడా ఇదే ఇబ్బంది. సీటు కింది గొట్టం నుంచి హ్యాండిల్ మెడ దాకా అడ్డంగా తగిలించే ఒక తాత్కాలిక రాడ్ అమ్ముతారు, అది వేస్తే మగవాళ్ళ సైకిల్ లాగా తిన్నగా నిలబడుతుంది. మీ ఇంట్లో అలాంటి ఫ్రేము ఉంటే రాక్‌తో పాటే అది కూడా కొనేయండి.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయానికి వస్తా, వెడల్పు. వేగన్ఆర్ వెడల్పు 1620 మిల్లీమీటర్లు, అంటే 162 సెంటీమీటర్లు. నా సైకిల్ టేపు పెట్టి కొలిస్తే ముందు చక్రం కొస నుంచి వెనక చక్రం కొస దాకా 174 సెంటీమీటర్లు. డిక్కీ రాక్ మీద సైకిల్ అడ్డంగానే వేలాడుతుంది కదా, అంటే కారు బాడీ కన్నా రెండు పక్కలా కలిపి 12 సెంటీమీటర్లు బయటికి వస్తోందన్నమాట. చూడ్డానికి తక్కువే అనిపిస్తుంది, పక్కనుంచి దూరిపోయే బైకు హ్యాండిల్‌కి అది చాలు. పైగా మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 194(1ఏ) కింద బండి పక్కలనుంచి లోడు బయటికి వస్తే 20 వేల రూపాయల జరిమానా ఉంది. దీనికి మందు ముందు చక్రం తీసేయడమే, తీస్తే నా సైకిల్ 140 సెంటీమీటర్లకి వచ్చేస్తుంది, కారు వెడల్పు లోపలే ఉంటుంది. అమ్మాయిది చిన్న చక్రాలు కాబట్టి మొత్తంగానే సరిపోతుంది.

నంబర్ ప్లేటు సంగతి ఇంకోటి. వెనక సైకిళ్ళు కట్టాక ప్లేటు సగం కనబడదు, లైట్లకి కూడా చక్రం అడ్డం వస్తుంది. ఇప్పుడున్నవి హై సెక్యూరిటీ ప్లేట్లు, 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్లన్నిటికీ అవే, హాలోగ్రామూ లేజర్ నంబరూ ఉంటాయి, రేకు మీద పెయింట్ వేయించి సైకిల్‌కి వేలాడదీస్తే దాన్ని ప్లేటుగా లెక్కపెట్టరు. అందుకే మేం సైకిళ్ళని వీలైనంత పైకి జరిపి కట్టి, పదడుగులు వెనక్కి వెళ్ళి నిలబడి చూస్తాం, ప్లేటు మొత్తం చదవగలగాలి, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు రెండు వైపులా కనబడాలి. ఒక్కో కారుకి ఎంత సర్దినా ఇది కుదరదు, అలాంటి కారుకి డిక్కీ రాక్ వద్దు అనే నా మాట. ఇంకా సైలెన్సర్ గొట్టం ఎటు ఉందో చూసి సైకిల్ టైరు దానికి ఎదురుగా రాకుండా కట్టండి, వేడి పొగకి టైరు రబ్బరు పాడైపోతుంది.

మరి టాప్ మీద పెట్టుకోవచ్చు కదా అంటారు. ఆ దారీ చూశాం. కార్ యాక్సెసరీస్ షాపులో కుర్రాడు చాలా ఓపిగ్గా చెప్పాడు, "మేడమ్, ముందు అడ్డకమ్మీలు రెండు వేయాలి, వాటి మీద ఒక్కో సైకిల్‌కి చక్రాలు నిలబెట్టే ఒక్కో పట్టా, మీ కారుకి సరిపోయే కిట్ తెప్పించాలి" అని. థూలే లాంటి స్వీడన్ కంపెనీ సామాను అయితే కారు మోడల్ వారీగా కాళ్ళు, బిగింపు కిట్లు విడిగా వస్తాయి, పనితనం చూస్తే ముచ్చటేస్తుంది, సైకిల్ కింది గొట్టాన్ని ఒక చెయ్యి పట్టుకుంటుంది, పక్కన మర తిప్పితే బిగుస్తుంది, తాళం కూడా ఉంది. ఒక్కో పట్టా మీద 20 కిలోల సైకిల్ దాకా పెట్టొచ్చు అని రాసి ఉంది. కార్బన్ ఫ్రేము సైకిల్ అయితే మాత్రం అలా గొట్టం పట్టుకునే రకం వాడకపోవడమే మేలు, ముందు చక్రం తీసి ఫోర్క్ (ముందు చక్రం బిగించే జంట కడ్డీలు) పట్టుకునే రకం తీసుకుంటే మంచిది.

నేను ఎందుకు కొనలేదంటే మూడు కారణాలు. డబ్బు ఒకటి, అన్నీ కలిపి ఇరవై వేలు దాటింది. రెండోది ఎత్తు. వేగన్ఆర్ పొడుగు కారు, ఎత్తు 1675 మిల్లీమీటర్లు, నేను ఐదడుగుల రెండంగుళాలు, 14 కిలోల సైకిల్‌ని నా తలకన్నా పైకి ఎత్తి పట్టాలో నిలబెట్టడం నా ఒక్కదాని వల్ల కాదు, షాపులోనే ఎత్తి చూశా, భుజం పట్టేసింది. ఆల్టో, స్విఫ్ట్ లాంటి పొట్టి కార్లకి ఈ ఇబ్బంది తక్కువ. మూడోది అసలు కారణం, మా అపార్ట్‌మెంట్ సెల్లార్. కారు 1675, దాని మీద నిలబెట్టిన సైకిల్ ఇంకో 1100 దాకా, కమ్మీల ఎత్తు కలిపితే దాదాపు 2.85 మీటర్లు, మా సెల్లార్ ర్యాంపు దిగేచోట బీము మీద 2.1 మీటర్లు అని ఎర్ర రంగుతో రాసి ఉంది. పొద్దున్న గుర్తుంటుంది, 30 కిలోమీటర్లు తొక్కి అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు పైన సైకిల్ ఉందన్న సంగతి మర్చిపోతే ఆ ఒక్కసారితో సైకిలూ పోతుంది టాప్ కూడా పోతుంది. రైల్వే అండర్ బ్రిడ్జిల దగ్గర, మాల్ పార్కింగ్‌ల దగ్గర కూడా ఇదే భయం. మీకు బయట పార్కింగ్ ఉండి, రోజూ హైవే మీద దూరం పోయేవాళ్ళయితే టాప్ రాకే మంచిది, నంబర్ ప్లేటు గొడవ లేదు, డిక్కీ ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరుచుకోవచ్చు. మైలేజ్ తగ్గుతుంది, గాలి మోత ఉంటుంది, అంతే. కొనే ముందు కారు మాన్యువల్‌లో టాప్ మీద ఎంత బరువు పెట్టొచ్చో తప్పకుండా చూడండి, అందులో సైకిళ్ళు మాత్రమే కాదు కమ్మీలు, పట్టాలు కూడా లెక్కే, మాకైతే సైకిళ్ళు 27, సామాను ఇంకో 13, 14 కలిపి నలభై కిలోలు దాటింది.

గాలి పీల్చి టాప్‌కి అతుక్కునే సక్షన్ కప్పుల రకం కూడా ఉంది. వాడలేదు. మే నెల ఎండలో కాలిపోయే రేకు మీద, మన దుమ్ములో, కప్పు కింద ఒక ఇసుక రేణువు ఉన్నా పట్టు తగ్గిపోతుంది, పిల్ల సైకిల్ దాని మీద పెట్టే నమ్మకం నాకు కలగలేదు.

ఇక ముందు చక్రం ఎలాగూ తీస్తున్నాం కదా అని ఒకరోజు సైకిల్‌ని కారు లోపలే పెట్టి చూశాం, నిజం చెప్పాలంటే ఇది ముందే చేసి ఉంటే రాక్ కొనేవాళ్ళమే కాదేమో. వెనక సీటు మొత్తం మడిచి, పాత బొంత ఒకటి డిక్కీ అంచు నుంచి ముందు సీట్ల వెనక దాకా పరిచి, నా సైకిల్‌ని సీటు పూర్తిగా కిందకి దించి, ముందు చక్రం తీసి, వెనక చక్రం ముందుగా లోపలికి తోస్తే పడుకోబెట్టినట్టు వెళ్ళిపోయింది, డోరు హాయిగా పడింది. గేర్లు ఉన్న వైపు ఎప్పుడూ పైకి ఉండాలి, ఇది మర్చిపోవద్దు, కిందకి పెడితే ఆ గేరు వేలాడే ముక్క వంగి తర్వాత గేర్లు సరిగా పడవు, ఆ రిపేరు సైకిల్ షాపుల్లో తొందరగా తేలదు. దాని మీద ఇంకో దుప్పటి, దుప్పటి మీద అమ్మాయి సైకిల్. చైన్ మరకలు బొంతకే అంటుకుంటాయి, సీటుకి అంటవు.

చక్రం తీయడం భయపడేంత పని కాదు. నాది క్విక్ రిలీజ్, లివర్ తిప్పి రెండో పక్క మరని నాలుగు చుట్లు వదులు చేస్తే ఊడొస్తుంది. అమ్మాయిది నట్టు, 15 నంబర్ పానా కావాలి, డాష్‌బోర్డులో ఒకటి పెట్టేశా. చక్రం తీసే ముందు బ్రేక్ కేబుల్ వంపు దగ్గర వదులు చేయాలి, లేకపోతే టైరు బ్రేకు దిమ్మల మధ్యనుంచి రాదు. తిరిగి పెట్టాక ఆ కేబుల్ మళ్ళీ తగిలించారో లేదో ఎక్కే ముందు బ్రేకు నొక్కి చూసుకోండి, ఇది మా అమ్మాయి చేత ప్రతిసారీ పైకి చెప్పించి మరీ చేయిస్తా. ఆయిల్ డిస్క్ బ్రేకులు ఉన్నవాళ్ళు చక్రం తీశాక ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టండి, చక్రం లేకుండా లివర్ నొక్కితే ప్యాడ్లు దగ్గరకొచ్చేసి డిస్కు మళ్ళీ దూరదు.

ఒక ఆదివారం కార్పెంటర్ చేత నాలుగడుగుల ప్లైవుడ్ ముక్క కోయించి, దాని ఒక చివర ఫోర్క్ పట్టుకునే బ్లాక్ బిగించా. క్విక్ రిలీజ్ ఫోర్క్‌ని దాంట్లో పెట్టి లివర్ బిగిస్తే సైకిల్ మెడ కదలదు. వేగన్ఆర్ లోపల ఎత్తు బాగానే ఉంటుంది కాబట్టి సీటు రాడ్ పూర్తిగా తీసేస్తే సైకిల్ కొంచెం ఏటవాలుగా నిలబడే ఉంటుంది, పక్కన అమ్మాయిది పడుకోబెట్టొచ్చు, ఒకదాని మీద ఒకటి పెట్టక్కర్లేదు. బ్లాకూ ప్లైవుడ్డూ కార్పెంటర్ కూలీ కలిపి రెండు వేల లోపే అయింది. ఏ పద్ధతిలో పెట్టినా సడన్ బ్రేక్ వేస్తే సైకిళ్ళు ముందుకి దూసుకురాకుండా ట్యూబు పట్టీతో డిక్కీ కొక్కేలకి కట్టాలి, లోపలే కదా అని వదిలేయకూడదు.

లోపల పెడితే వాన తడపదు, దొంగ భయం లేదు, ఔటర్ ఎక్కినా వెనక ఏమవుతోందో అని అద్దంలో చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఒకటే లోటు, వెనక మనిషి కూర్చోవడానికి చోటు ఉండదు. నేనూ అమ్మాయీ ఇద్దరమే వెళ్ళే రోజుల్లో అంటే నెలలో మూడు ఆదివారాలు ఇలాగే వెళ్తాం. మావారు కూడా వస్తానన్న రోజు మాత్రం డిక్కీ రాక్ బయటికి వస్తుంది. అలాగే వికారాబాద్ అనంతగిరి కొండలకి ఒకసారి ముగ్గురం వెళ్ళాం, 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది, దారిలో మూడుసార్లు ఆపి బద్దీలు చూశాం, గంటకి 70 దాటలేదు, ఒక్క సెంటీమీటరు కూడా జారలేదు. మూసీ పుట్టిన కొండ మీద అడవి దారిలో మా అమ్మాయి మొదటిసారి ఎక్కుడు దారి దిగకుండా తొక్కింది, నేను వెనకాల రొప్పుకుంటూ వెళ్ళేసరికి పైన గట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతూ చెయ్యి ఊపింది. అంత కష్టపడి రాక్ కట్టినందుకు ఆ పూట తృప్తిగా అనిపించింది.

రేటింగ్ అడిగితే రాక్‌కి ఐదులో మూడు ఇస్తా, సరిగ్గా కట్టడం తెలిశాక మూడున్నర. ప్లైవుడ్ పద్ధతికి నాలుగున్నర. ఒక్క సైకిలే ఉన్నవాళ్ళు ఏ రాకూ కొనకండి, ముందు టేపు పట్టుకుని సీటు మడిచి లోపల కొలవండి. వెనక సీటు రెండు ముక్కలుగా మడతపడే కారు అయితే ఒక సైకిలూ ముగ్గురు మనుషులూ కూడా పడతారు, పెద్ద ముక్క మడిచి సైకిల్ పెట్టి చిన్న ముక్క మీద పిల్లలు కూర్చోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో రాక్ దొరికితే తీసుకోవచ్చు, బద్దీలు మాత్రం ఎండకి తెల్లబడి పీచులా లేచి ఉంటే వద్దు, గట్టిగా లాగి చూడండి.

మా అమ్మాయి ఇప్పుడు నా భుజం దాకా వచ్చేసింది, వచ్చే ఏడు 24 అంగుళాలది చిన్నదైపోతుంది, పెద్ద సైకిల్ కొనాలి. ఈసారి కారు తీసుకెళ్ళి సైకిల్ షాపు ముందే ఆపి, సీటు మడిచి, ప్లైవుడ్ ముక్క పెట్టి, డోరు పడుతుందో లేదో అక్కడే చూసుకుని, అప్పుడు బిల్లు వేయించుకుంటాం.